కిటికీ వైపు, తలుపు వైపు

జూన్ 3

పిన్నీ,

ఫోన్లో నేను చెప్పేదాంట్లో సగం నీకు వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరమైతే మధ్యలో అడ్డుపడలేవు కదా.

మొదట మంచి కబురు. నన్ను ఆడవాళ్ళ వార్డుకి ఇన్‌ఛార్జిని చేశారు. ముప్పై మంచాలు. తొంటి ఎముక విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, నెలల తరబడి ఉండేవాళ్ళే ఎక్కువ. ఇరవై మంది దాకా ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప పక్కకి ఒత్తిగిలలేరు. గోడలకి సున్నం వేసి ఎన్నాళ్ళయిందో గానీ, తూర్పు వైపు బారుగా కిటికీలున్నాయి. నీకు నచ్చుతుంది.

ఇక అసలు సంగతి. చేరిన రోజు నుంచి పడక పుండ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇంతకు ముందు ఎవరూ పెట్టలేదట. మే నెలలో ఏడుగురికి కొత్తగా వచ్చాయి. ఏడుగురు, పిన్నీ! విరిగిన ఎముకకని వచ్చి, వీపున గుంట పడి ఇంటికెళ్తున్నారు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

పోయినేడాది నేను శిక్షణకి వెళ్ళొచ్చాను చూడు, అక్కడ మాకు నేర్పింది ఒకటే. మనం చేసే ప్రతి పనినీ "ఇది ఎందుకు చేస్తున్నాం, దీనివల్ల మేలు జరిగిందని ఎవరైనా చూశారా" అని అడగమన్నారు. అడిగాను. ఎర్రబడిన చోట స్పిరిట్ వేసి రుద్ది పౌడర్ అద్దుతాం కదా, దానివల్ల పుండు ఆగిందని ఎవరూ చూపించలేకపోయారట. పైగా ఎర్రబడిందంటే అప్పటికే లోపల కండ నలిగినట్టు. మళ్ళీ రుద్దితే ఇంకా నలుగుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగొడుతుంది. ఇన్నేళ్ళూ మేలనుకుని మనం చేసింది కీడన్నమాట!

అందుకని ఒకటో తారీఖు నుంచి రుద్దుడు ఆపేశాను. స్పిరిట్ సీసాలు, పౌడర్ డబ్బాలు, ఆ ట్రేలు అన్నీ స్టోర్‌కి పంపేశాను. రెండు గంటలకోసారి ఒత్తిగిలించమని చెప్పి తిప్పినప్పుడల్లా గడి నింపాలని ప్రతి మంచానికీ ఒక కాగితం తగిలించాను. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం గుర్రుగా చూశారు గానీ మూడు నెలలు గడువిచ్చారు. సెప్టెంబరు మొదటి వారంలో లెక్క చూపించాలి. పుండ్లు తగ్గితే ఈ పద్ధతి మిగతా వార్డులకీ వెళ్తుంది. తగ్గకపోతే పాత పద్ధతి వార్డుకి, పాత డ్యూటీ నాకు.

రుద్దడం నాకు నేర్పింది నువ్వే కాబట్టి ముందు నీకే చెప్తున్నాను. నీ పాత నోటుపుస్తకాలు ఏమైనా ఉంటే పంపు. తమ్ముడికీ మరదలికీ నా మాటగా చెప్పు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?

నీ పిచ్చుక


జూన్ 14

ముప్పై మంచాల వార్డుకి ఇన్‌ఛార్జి గారి సముఖానికి, ఏ వార్డూ లేని పిన్ని నమస్కరించి రాసుకునే మనవి. ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరూ మీ కాగితాలూ క్షేమమని తలుస్తాను.

తమరు పంపిన ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేకుండా చదివి పొరపాటు పడ్డానేమో అనుకుని, రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని చదివాను. అందులో రాసింది అదే.

ముప్పై మూడేళ్ళు చేశాను ఆ పని. నా చేతి కింద నేర్చుకున్న పిల్లలు ఎన్ని ఆసుపత్రుల్లో ఉన్నారో నాకే తెలీదు. నా వార్డులో పుండు ఉందని ఏ డాక్టరూ నోరెత్తింది లేదు. తమరికి ఈ శిక్షణ ఇచ్చిన మహానుభావులు ఒక్క వీపైనా తమ చేత్తో తుడిచి ఉంటారా అని అడగాలనుంది. అడగను. రిటైరైనదానికి అడిగే హక్కు ఎక్కడిది?

నోటుపుస్తకాలు లేవు. ఉన్నా పంపను. కీడు చేసినావిడ పుస్తకాలతో తమరికేం పని?

మోకాళ్ళు మోకాళ్ళ చోటే ఉన్నాయి.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. కోడలు పంపమంటే నీకు స్వెట్టర్ పంపాను. నేను అల్లింది కాదు, కొన్నది. పొంగిపోకు.


జూలై 12

పిన్నీ,

స్వెట్టర్ అందింది. కుడి చెయ్యి ఎడమ చేతి కన్నా వేలెడు పొడుగుంది. కొట్లో ఇలాంటివి అమ్మరు. కాబట్టి పొంగిపోయాను.

నీ ఉత్తరం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. "ఏ వార్డూ లేని పిన్ని" దగ్గర మా ఆయనకి టీ పొలమారింది. నీకు ముక్కు మీదే కోపమని తెలుసు గానీ ఇంత పంతం ఏంటి? నేను నిన్నేమీ అనలేదు. అప్పట్లో తెలిసింది అంతే, ఇప్పుడు ఇంకొంచెం తెలిసింది. దానికి ఇంత అలకా? పేరు పోతుందని భయమా నీకు?

సరే, నా కష్టం విను. జూన్ లెక్క వచ్చింది. తొమ్మిది.

ఏడు నుంచి తొమ్మిదికి పెరిగింది. గీతల కాగితం మీద చుక్కలు పెట్టి నర్సుల గది గోడకి అంటించాను, అందులో రెండో చుక్క నన్ను చూసి వెక్కిరిస్తోంది. సూపరింటెండెంట్ మేడం వచ్చి కాసేపు దాని ముందు నిలబడి, "మీ పుస్తకాలు మంచివేనమ్మా, మన పేషెంట్లు వాటిని చదవలేదు" అనేసి వెళ్ళిపోయారు. నర్సులందరూ విన్నారు. తల తీసేసినట్టయింది.

నేను కుంగిపోలేదు. శిక్షణలో ఇదీ చెప్పారు, లెక్క మొదలుపెట్టిన కొత్తల్లో అంకె పెరుగుతుందని. ఇదివరకు కనపడనివి ఇప్పుడు చూస్తున్నాం కాబట్టి కనపడతాయట. అంతే అయ్యుంటుంది. కాగితాలన్నీ చక్కగా నింపుతున్నారు. ఎనిమిది, పది, పన్నెండు, ఎక్కడా ఒక్క గడి ఖాళీ లేదు. అంత బాగా చేస్తున్నప్పుడు పెరగడానికి ఇంకో కారణం ఏముంటుంది?

కానీ పదకొండో మంచం టీచరమ్మ విషయం మనసులో ముల్లులా ఉంది. రిటైరైన లెక్కల టీచరు. నాలుగు వారాల కిందట తొంటికి ఆపరేషన్ అయింది. వచ్చినప్పుడు వీపు అద్దంలా ఉంది. మొన్న చూస్తే నడుం కింద తోలు లేచిపోయి ఉంది. ఆవిడ నన్నే ఓదార్చింది, "ఫర్వాలేదులేమ్మా, మీకు మాత్రం పని తక్కువా" అని. బయటికొచ్చి ఏడ్చాను.

కోపం పోయాక రాయి. పోకపోయినా రాయి.

నీ పిచ్చుక


జూలై 22

పిచ్చుకా,

పేరు పోతుందని భయమా అని అడిగావు. నాకు పేరెక్కడుంది పోవడానికి? నర్సుకి పేరుంటుందా? సిస్టర్ అంటే పలకడమే కదా మన పని. వెనకాల పిల్లలు ఏదో ముద్దుపేరు పెట్టారు, అది వేరే సంగతి.

ఈ నెలన్నర నుంచి నాకు మనసు మనసులో లేదు. నువ్వేమో అలక అనుకుని నవ్వుకుంటున్నావు. చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ ఇంక నా వల్ల కాదు.

మీ అమ్మ పక్షవాతంతో పడిపోయినప్పుడు నీకు పన్నెండేళ్ళు. ఎనిమిది నెలలు మంచం మీద ఉంది. నేను జీతం లేని సెలవు పెట్టి వచ్చి మీ ఇంట్లో ఉన్నాను. అక్క వీపు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఎక్కడ ఎర్రబడినా స్పిరిట్ వేసి, అరచేత్తో గుండ్రంగా, ఓపిక ఉన్నంతసేపు రుద్దేదాన్ని. ఆఖర్లో నడుం కింద పుండు పడింది. నీకు చూపించలేదు. ఆ పుండు కట్టు మార్చినప్పుడల్లా, ఇంకొంచెం బాగా రుద్దాల్సిందని నన్ను నేను తిట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు అదే అనుకుంటూ బతికాను. ఇప్పుడు నువ్వు, మా అక్క కూతురివి, రుద్దడమే కీడు అని రాశావు.

అయితే ఆ పుండు నేను పెట్టిందేనా? నా చేతులతో నేనే పెట్టానా? నాకు కావలసింది నీ సెప్టెంబరు లెక్క కాదు. ఈ ఒక్కదానికి జవాబు చెప్పు. ఓదార్పు మాటలు వద్దు. అవి నేను ముప్పై మూడేళ్ళు అందరికీ చెప్పాను, ఎలా ఉంటాయో నాకు తెలుసు.

ఇక నీ తొమ్మిది గురించి.

ఇప్పుడు చూస్తున్నాం కాబట్టి కనపడుతున్నాయి అన్నావు. చూస్తున్నారని నీకెవరు చెప్పారు? కాగితమా? రుద్దడం ఆపారు, సరే. మరి ఇప్పుడు ఏ వంకతో మంచం దగ్గరికి వెళ్తున్నారు? ట్రే చేతిలో ఉంటే వెళ్ళక తప్పదు. వెళ్తే దుప్పటి తీయాలి, తీస్తే ఒత్తిగిలించాలి, ఒత్తిగిలిస్తే వీపు కనపడుతుంది. నువ్వు ట్రేని స్టోర్‌కి పంపించావు. దానితో పాటు ఇంకేం పంపించావో ఒక్కసారి ఆలోచించుకో.

మరో మాట. నా వార్డులో కాగితం ఉండేది కాదు. కిటికీ, తలుపు, పైకప్పు, ఇదీ వరుస. ఒక వేళకి అందరినీ కిటికీ వైపు తిప్పేవాళ్ళం. రెండు గంటలయ్యాక అందరినీ తలుపు వైపు. ఆ తర్వాత వెల్లకిలా, అందరూ పైకప్పు చూడాల్సిందే. మళ్ళీ కిటికీ. నేను గుమ్మంలో నిలబడితే చాలు, ఎవర్ని తిప్పలేదో ఒక్క చూపులో తెలిసిపోయేది. ముప్పై మంది అటు తిరిగి ఉంటే ఒక్కరు ఇటు తిరిగి ఉంటారు. గడి నింపి మాయ చెయ్యొచ్చు, మనిషిని పెట్టి మాయ చెయ్యలేం కదా. ఒక వైపు తిరగకూడనివాళ్ళ మంచానికి రంగు గుడ్డ కట్టేవాళ్ళం.

ఒకసారి ఇద్దరు తోడికోడళ్ళు పక్కపక్క మంచాల్లో చేరారు, పదేళ్ళ నుంచి మాటల్లేవు వాళ్ళకి. కిటికీ వేళకి చిన్నావిడ పెద్దావిడ వీపు చూడాలి, తలుపు వేళకి పెద్దావిడ చిన్నావిడ వీపు చూడాలి. నెల తిరిగేసరికి "అక్కా, నీ వీపు ఎర్రబడిందే, సిస్టర్‌ని పిలవనా" అంది చిన్నావిడ. అలా కలిశారు.

జవాబు రాయి.

పిన్ని


ఆగస్టు 2

పిన్నీ,

నీ ఉత్తరం వార్డులో మందుల అల్మారా పక్కన నిలబడి చదివాను. మా వార్డు ఆయమ్మ వచ్చి కుర్చీ వేసింది.

నేను ఎంత మొద్దుని! నీ ముద్ద తిని పెరిగి, నీకు అలక అనుకున్నాను. క్షమించమని రాస్తే సరిపోదు, వచ్చి కాళ్ళ మీద పడినా నువ్వు మోకాళ్ళ నొప్పని పక్కకి జరుగుతావు.

నీ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు ఇక్కడ జరిగింది చెప్పాలి. అది లేకుండా జవాబు పూర్తి కాదు.

నువ్వు "చూస్తున్నారని ఎవరు చెప్పారు" అన్నావు కదా, మర్నాడు పొద్దున ఎనిమిదింటి నుంచి ఒంటిగంట దాకా టీచరమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కేస్‌షీట్లు రాసుకుంటున్నట్టు నటించాను. ఒక్కరు రాలేదు. మాత్రలివ్వడానికి వచ్చారు, బీపీ చూశారు, బాగున్నారా అని నవ్వారు. ఎవరూ తిప్పలేదు. ఒంటిగంటకి కాగితం చూస్తే ఎనిమిది, పది, పన్నెండు, మూడు గడులూ నిండి ఉన్నాయి! ఒకే పెన్ను, ఒకే ఒత్తుడు. అన్ని మంచాల కాగితాలూ తీసి చూశాను. అన్నీ అంతే.

నా పిల్లలు చెడ్డవాళ్ళు కాదు పిన్నీ. క్షణం కూర్చోరు. టీచరమ్మే అంది, "పిలిస్తే పరిగెత్తుకొస్తారమ్మా. పిలవడానికే మొహమాటం." ఆయమ్మని అడిగితే, "ట్రే ఉన్నప్పుడు ఎనిమిదింటికి బయల్దేరేవాళ్ళం, అది తీసేశారు. ఒట్టి చేతులతో వెళ్ళి ఏం చెయ్యమంటారు?" అంది. ఇరవై ఏళ్ళ నుంచి ఆ వార్డులో ఉన్న మనిషి. మొదటి రోజే ఆవిడని అడగాల్సింది, అడగలేదు. నేను పుస్తకాలని అడిగాను, నిన్ను అడగలేదు, ఆయమ్మని అడగలేదు.

రుద్దడం తప్పన్న మాట నిజం. కానీ ఆ తప్పు పనిలో ఒక ఒప్పు పని దాక్కుని ఉంది. నేను రెండింటినీ కలిపి స్టోర్‌కి పంపేశాను.

ట్రే వెనక్కి తెప్పించాను. స్పిరిట్ లేదు, పౌడర్ లేదు. అందులో ఒక చేతి అద్దం ఉంది, మడమలు ఎత్తకుండా కింద చూడటానికి. పొడిబారిన చర్మానికి రుద్దకుండా రాసే క్రీము, దారం కట్టిన పెన్ను ఉన్నాయి. ఒక నర్సు, ఒక ఆయమ్మ కలిసి వెళ్తారు. ఎర్రగా కనపడితే ఆ చోటు మీద బరువు పడకుండా దిండు సర్దుతారు, ఇంకేం చెయ్యరు. ముందు ఆరు మంచాలకి చేసి చూశాం, నాలుగు రోజులకి ముప్పైకీ పెట్టాం. ఎనిమిదింటికి తలుపుతో మొదలుపెట్టాం, తర్వాత పైకప్పు, తర్వాత కిటికీ. నీ వరుసే. గుమ్మంలో నిలబడి చూస్తే పూలన్నీ ఒకే వైపు తిరిగినట్టుంది. జూలై లెక్క ఎనిమిది. ఆగస్టు ఏం చెబుతుందో చూడాలి.

ఇప్పుడు జవాబు. ఓదార్పు వద్దన్నావు కాబట్టి తెలిసినంతే చెప్తాను.

రుద్దడం వల్ల ఆ పుండు పడిందా? నాకు తెలీదు. ఎవరూ చెప్పలేరు. కొంచెం కీడు చేసి ఉండొచ్చు. కానీ లెక్క ఇది. అమ్మ ఎనిమిది నెలలు కదల్లేదు. ఒక్క పుండు, అదీ అన్నం మానేసిన ఆఖరి రోజుల్లో. ముప్పై మంచాలు, పన్నెండు మంది నర్సులు, నాలాంటి చదువుకున్న ఇన్‌ఛార్జి ఉన్న వార్డులో ఒక్క నెలలో తొమ్మిది. నీ చేతులు రుద్దిన మాట నిజమే. అవే చేతులు రెండు గంటలకోసారి అమ్మని ఎత్తి తిప్పాయి. ఆ ఎనిమిది నెలలు అమ్మ వీపుని కాపాడింది ఆ తిప్పడమే. ఇది నేను ఏ సూపరింటెండెంట్ ముందైనా నిలబడి చెప్తాను.

ఇంకొకటి నేనూ ఎప్పుడూ చెప్పలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఎప్పుడూ కిటికీ వైపే చూస్తూ ఉండేది. పాపం, రోజంతా అలా నా కోసం చూస్తూనే పడుకుని ఉండేదేమోనని ఇప్పటికీ గుండె పిండేసినట్టుంటుంది.

కోప్పడకుండా రాయి.

నీ పిచ్చుక


ఆగస్టు 19

పిచ్చుకకి,

నీ ఉత్తరం అందింది. చదివాను. కాస్త వీలు చిక్కాక రాస్తాను. నువ్వు నీ పని చూసుకో.

పిన్ని


సెప్టెంబర్ 8

పిన్నీ,

నాలుగు ముక్కలు, అవీ పెన్సిల్‌తో! అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నీ చేతిరాత చూసి మేం ప్రింటు అనుకునేవాళ్ళం. నేను నిజమే రాయబోయి నీ గుండె మీద కొట్టానా? "తెలీదు" అని రాయకుండా ఉండాల్సిందా? తమ్ముడికి ఫోన్ చేస్తే "అమ్మ పడుకుంది", "అమ్మ బాగానే ఉంది" అంటాడు. పట్టపగలు నువ్వు పడుకోవడం నేను ఎరగను. మాట్లాడటం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పించు.

మొన్న లెక్క చూపించాను. ఆగస్టులో కొత్తగా వచ్చినవి రెండు. రెండే! అందులో ఒకటి ఎర్రదనం దగ్గరే ఆగిపోయింది. మేడం నా చుక్కల కాగితం చూడలేదు, తిన్నగా వార్డు గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు. పన్నెండయింది. అందరూ కిటికీ వైపు ఉన్నారు, పంతొమ్మిదో మంచం ఒక్కటి తప్ప. "ఆవిడనెందుకు తిప్పలేదు?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు ఆయమ్మ, "మంచానికి పచ్చ గుడ్డ ఉంది చూడండి మేడం, ఆవిడ అటు తిరగకూడదు" అంది. సాయంత్రం మేడం దగ్గర్నుంచి కబురొచ్చింది, మగవాళ్ళ వార్డులో కూడా మొదలుపెట్టమని. ఒక నెల అంకె చూసి గంతులెయ్యకూడదని నాకు తెలుసు, ఇంకా చాలా చుక్కలు పెట్టాలి. కానీ ఇంటికెళ్ళే దారంతా నవ్వుకుంటూనే నడిచాను.

టీచరమ్మకి పుండు మానుతోంది. ఆవిడకి ఒకటే ఫిర్యాదు. నాలుగింటికి వాళ్ళబ్బాయి వస్తాడు. అది పైకప్పు వేళ. "ఫ్యానుని చూస్తూ కొడుకుతో మాట్లాడాలా?" అంటుంది. మిగతావాళ్ళూ అదే సణుగుడు. నీ వరుస తప్పకూడదని నేను ఒప్పుకోలేదు.

ఇదంతా నీ దయ. కానీ నువ్వు పలకకపోతే ఈ సంతోషం నాకు సగమే. పదిహేను రోజుల్లో ఉత్తరం రాకపోతే నేనే బయల్దేరి వస్తాను.

నీ పిచ్చుక


సెప్టెంబర్ 17

పిచ్చుకా,

ముందు ఎక్కడైనా కూర్చుని చదువు. కంగారు పడొద్దు, ఇప్పుడంతా సర్దుకుంది.

కిటికీకి కర్టెన్ తగిలిస్తూ స్టూలు మీద నుంచి పడ్డాను. ఆగస్టు పన్నెండున. నా వయసుకి స్టూలెందుకని కోడలు అడిగింది, నువ్వు అడగక్కర్లేదు. తొంటి విరిగింది. ఆపరేషన్ అయింది. నీకు చెప్పొద్దని అబ్బాయి చేతా కోడలి చేతా ఒట్టేయించుకున్నాను. చెబితే నువ్వు సెలవు పెట్టి వచ్చేస్తావు, అది నీ లెక్కల నెల. ఆ నాలుగు ముక్కలూ ఆసుపత్రిలో వెల్లకిలా పడుకుని పెన్సిల్‌తో రాశాను. పెన్ను పైకి పట్టుకుంటే సిరా దిగదు మరి. నువ్వేమో దాన్ని కోపం అనుకున్నావు. మన ఇద్దరికీ ఉత్తరాలు అచ్చిరావు.

ఇప్పుడు అసలు కథ విను. మూడో రోజున ఒక చిన్న నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. స్పిరిట్, పౌడర్, దూది. నన్ను ఒత్తిగిలించి, "నడుం దగ్గర ఎర్రబడిందండీ అమ్మగారూ, రుద్దుతాను" అంది.

"వద్దమ్మా, రుద్దకు" అన్నాను.

"భయపడకండి. ఇది మా టీచర్ గారి పద్ధతి. ఆవిడకి గంటల సిస్టర్ అని ఒకావిడ నేర్పారట. రెండు గంటలకోసారి, గంట కొట్టినట్టు ట్రేతో ప్రత్యక్షమయ్యేవారట. ఆవిడ వార్డులో పుండనేదే ఉండేది కాదట!"

పిల్లలు నా వెనకాల పెట్టిన ముద్దుపేరు అదే. ఇన్నేళ్ళకి, ఊరుగాని ఊళ్ళో, నా వీపు వెనక నుంచి వినపడింది. నవ్వాపుకోలేకపోయాను. కుట్లు లాగి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ పిల్ల నొప్పి అనుకుని బెదిరిపోయింది.

"గంటల సిస్టర్ చాలావరకు మంచి పనే చేసింది. కానీ రుద్దడం దగ్గర పొరపాటు పడింది" అన్నాను.

"అంత పెద్దావిడని మీరెలా అంటారండీ?" అని మొహం ముడుచుకుంది. నా మీద నాకే ఫిర్యాదు!

"ఆవిడే చెబుతోంది కాబట్టి" అన్నాను. సీసా చేతిలోంచి జారబోతే పట్టుకుంది. ఆ తర్వాత నీ ఉత్తరం దిండు కింద నుంచి తీసి చదివించాను. అద్దం, క్రీము, దిండు, అన్నీ. ఆ ఎర్రదనం రెండు రోజుల్లో దానంతటదే పోయింది, ఒక్కరు రుద్దలేదు. నెల దాటింది, నా ఒంటి మీద ఎక్కడా మచ్చ లేదు. ముప్పై మూడేళ్ళు ఇతరుల వీపు మీద నేర్చుకోలేనిది నా వీపు మీద రెండు రోజుల్లో నేర్చుకున్నాను.

కాబట్టి "తెలీదు" అని రాసినందుకు బాధపడకు. నువ్వు "కాదు పిన్నీ, నీ వల్ల కాదు" అని రాసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. తెలీదని రాశావు కాబట్టే తర్వాత రాసింది నమ్మాను. ఇప్పుడు నిద్ర పడుతోంది నాకు.

ఇక నువ్వు రాసిన ఇంకో మాట. అమ్మ రోజంతా కిటికీ వైపే చూస్తూ ఉండేదేమోనన్నావు. పిచ్చిదానా, రోజంతా ఒకే వైపు ఉంచుతానా నేను?

మొదట్లో ఎలా వీలైతే అలా తిప్పేదాన్ని. ఒక రోజు నాలుగింటికి తలుపు వైపు తిప్పబోతే బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుంది. మాట పడిపోయింది కదా, కళ్ళతో కిటికీ చూపించింది. చూస్తే వీధి మలుపులో నీ నీలం సంచి, వెనక నువ్వు. నువ్వు గేటు తీసేదాకా నా చెయ్యి వదల్లేదు. ఆ మర్నాటి నుంచి నాలుగు దగ్గర నుంచి వెనక్కి లెక్కేసుకున్నాను. రెండింటికి పైకప్పు, పన్నెండింటికి తలుపు, పదింటికి కిటికీ, ఎనిమిదింటికి పైకప్పు. ఎలా తిప్పినా నాలుగయ్యేసరికి అక్క కిటికీ వైపు ఉండాలి. ఎనిమిది నెలల్లో ఒక్క రోజు తప్పలేదు. అమ్మ నీ కోసం ఎదురుచూసి అలిసిపోలేదు. నువ్వు కనపడే వేళకి తను సిద్ధంగా ఉండేది, అంతే. నేను వార్డులో అందరికీ నేర్పిన వరుస ఆ మంచం దగ్గర పుట్టిందే.

టీచరమ్మ ఫిర్యాదు న్యాయమైనది. మీ వార్డుకి మనుషులు వచ్చేది తలుపు నుంచి కదా. పొద్దున తలుపుతో కాకుండా కిటికీతో మొదలుపెట్టు. నాలుగింటికి అందరూ తలుపు వైపు ఉంటారు.

పిన్ని